పిల్లి వల్లించిన ధర్మపన్నములు

ఈ వార్షిక సంచికను చేతబట్టినవారు దీనికి రెండు ముఖపత్రములున్నవని గమనింతురు. ఒక వైపునుండి తెరచినచో తెలుగు, రెండవ వైపునుండి తెరచినచో ఉర్దూ. రెండు భాషల పుటలును నడుమ ఒకచోట కలిసికొనును. కాని తెలుగు చదువు విద్యార్థి ఆ నడిమి పుటను దాటి ఆవలికి పోవుట అరుదు. ఉర్దూ చదువు విద్యార్థియు అంతే. ఒకే బల్లపై కూర్చుండి గణితము, రసాయనశాస్త్రము చదువుకొనువారము, కథలయొద్దకు వచ్చుసరికి "మీ సాహిత్యము", "మా సాహిత్యము" అని విడదీసి మాటలాడుచున్నాము. ఈ మాట ఎంతవరకు నిజమో తేల్చుటకు మేము ఒక చిన్న ప్రాణిని సాక్షిగా పిలువదలచితిమి. అది పిల్లి. అదియును మాటలాడు పిల్లి.

కళాశాల సంచికలో పిల్లి కథ యేమిటని కొందరు నవ్వవచ్చును. కాని ఈ పిల్లి రాజకుమారులకు పాఠము చెప్పినది. చక్రవర్తుల కొలువులలో అనువదింపబడినది. పదునాలుగు శతాబ్దములకు పైగా దేశములు తిరిగినది. అందుచే దానికి కొన్ని పుటల గౌరవము చెల్లవలసియే యున్నది.

మన కర్నూలు పాతబస్తీలోను, కడప పెద్దదర్గా పరిసర వీధులలోను గోడకొక భాష వినిపించును. ఈవలి ఇంట అవ్వ మనుమని నిద్రపుచ్చుచు పిల్లి కథ చెప్పును. ఆవలి ఇంట నానీమా బిల్లీ కథ చెప్పును. పిల్లలు నిద్రపోవుదురు. పెద్దవారైన పిమ్మట, తాము విన్న రెండు కథలకును చుట్టరికమున్నదని వారికి చెప్పువారుండరు. సామెతలను చూచినను ఇంతే. కపటభక్తుని తెలుగున "రుద్రాక్షపిల్లి" అందురు. ఉర్దూలో "నౌ సౌ చూహే ఖాకే బిల్లీ హజ్ కో చలీ" అందురు. తొమ్మిదివందల ఎలుకలను తిని పిల్లి హజ్ యాత్రకు బయలుదేరినదని దీని అర్థము. ఒక పిల్లి మెడలో రుద్రాక్షలు వేసికొన్నది, మరియొకటి మక్కా దారి పట్టినది. పిల్లి మాత్రము ఒక్కటే.

కుందేలు, కౌజు, న్యాయాధిపతి

ఈ పిల్లి మిక్కిలి ప్రసిద్ధముగా మాటలాడిన చోటు పంచతంత్రమున మూడవ తంత్రమగు కాకోలూకీయము. ఒక చెట్టు మొదటి తొఱ్ఱలో కపింజలమను కౌజుపిట్ట కాపురముండెను. ఒకనాడు అది పండిన చేలను వెదకుకొనుచు దూరము పోయి చాల దినములు తిరిగి రాలేదు. ఖాళీగానున్న తొఱ్ఱలో ఒక కుందేలు వచ్చి చేరెను. మేసి బలిసి తిరిగివచ్చిన కౌజు ఇది నా ఇల్లనెను. విడిచిపోయిన చోటు ఇప్పుడు ఉన్నవానిదేయని కుందేలు పలికెను. రెండును ధర్మశాస్త్ర ప్రమాణములు చూపి వాదించుకొని, తుదకు తీర్పరిని వెదకుచు బయలుదేరెను. అచట ఒక పిల్లి దర్భలు ధరించి, కన్నులు మూసి, ముంగాళ్ళు పైకెత్తి, సూర్యాభిముఖముగా తపస్సు చేయుచుండెను. సంసారము అసారమనియు, అహింసకు మించిన ధర్మము లేదనియు ఉపన్యసించుచుండెను.

కుందేలునకు గాని, కౌజునకు గాని పిల్లి యెవరో తెలియకపోలేదు. అది తమకు పుట్టుకతో శత్రువని యెరిగి అవి మొదట దూరముననే నిలిచి తమ వివాదము చెప్పుకొనెను. అప్పుడు పిల్లి, తాను ముసలిదాననైతిననియు, చెవులు సరిగా వినిపించవనియు, దగ్గరకు వచ్చి చెప్పినచో న్యాయమైన తీర్పు చెప్పుదుననియు పలికెను. ధర్మపన్నములు మరికొన్ని వల్లించెను. అవి నమ్మి దగ్గరకు పోగా ఒకదానిని పంజాతోను, మరియొకదానిని కోరలతోను పట్టి రెండింటిని భక్షించెను. వివాదము పరిష్కారమైనది. తొఱ్ఱ మరల ఖాళీ అయినది.

ఇట్టి కథలలో జంతువు ఏల మాటలాడవలెను? మనుష్యుని పాత్రగా చేసినచో వాని స్వభావము కొంతదూరము చదివిన గాని పాఠకునకు తెలియదు. పిల్లియనగానే దాని స్వభావము పసిబిడ్డకు గూడ తెలియును. కథ ప్రారంభమునకు ముందే పిల్లి ఏమి చేయునో మనకు తెలిసియున్నది. ఇక కొత్తగా వినవలసినది అది ఏమి చెప్పునో అన్నదే. చేతకును మాటకును నడుమనున్న దూరమును కొలుచుటకు ఇంతకంటె సులభమైన సాధనము లేదు. కాకి, నక్క, తాబేలు, ఎలుక ఈ కథలలో మాటలాడుచునే యుండును. కాని శాస్త్రము వల్లించుచు మాటలాడునది విశేషముగా పిల్లి. కదలక మెదలక కన్నులు మూసి కూర్చుండుట దాని వేటలో భాగము. ఆ కూర్చుండుటయే తపస్సువలె కనబడును. కథకుడు కల్పించినది మాట మాత్రమే. మిగిలినదంతయు వాడు పెరటిలో చూచినదే.

ఈ కథ మన మెట్టసీమకు మరీ దగ్గరగా నున్నది. కౌజు, కుందేలు రెండును మన జొన్నచేలలో, బీళ్ళలో తిరుగాడు ప్రాణులు. వాటి వివాదము ఒక గట్టు తగాదా. మూరెడు గట్టుకొరకు కోర్టుకెక్కి, గట్టును చేనును రెండింటిని ఖర్చులక్రింద పోగొట్టుకొన్న రైతుల కథలు మన ఊళ్ళలో ప్రతివారును వినియున్నవే. తొఱ్ఱలో ఇద్దరికిని చోటున్నదా యని కౌజు కుందేలును అడుగలేదు. కుందేలు కౌజును అడుగలేదు. రెండును పిల్లితో మాటలాడినవే గాని ఒకదానితో నొకటి మాటలాడుకొనలేదు. కథలోని విషాదమంతయు ఇచటనే యున్నది.

సంస్కృతమునుండి తెలుగునకు

ఈ పిల్లి మన దేశమున చాల పాతది. మహాభారతమున ఉద్యోగపర్వమున దుర్యోధనుడు ఉలూకునిచేత పాండవులకు పంపిన సందేశములో ఒక కపట మార్జాలము కలదు. గంగాతీరమున చేతులెత్తి తపస్సు చేయు పిల్లిని ఎలుకలు నమ్మి శరణు జొచ్చును. పిల్లి బలియుచుండును, ఎలుకల లెక్క తరుగుచుండును. ఇందులో చమత్కారమేమనగా, ఈ కథను ధర్మరాజునకు అన్వయించి చెప్పినవాడు దుర్యోధనుడు. కపటమును గూర్చిన కథను గూడ కపటి వాడుకొనగలడని వ్యాసుడు మనకు చూపెను. మహాబలిపురమున ఏడవ శతాబ్దినాటి పల్లవ శిల్పులు పెద్ద బండపై మలచిన దృశ్యములో, తపస్సు చేయు మునుల సమీపముననే ముంగాళ్ళెత్తి నిలిచిన పిల్లియు, దాని పాదములచెంత ఎలుకలును ఉన్నవి. విహారయాత్రకు పోయిన విద్యార్థులు ఏనుగులను చూచి మురిసి ఆ పిల్లిని చూడకయే తిరిగివత్తురు.

పంచతంత్రకర్తగా ప్రసిద్ధుడైన విష్ణుశర్మ, దక్షిణదేశమున మహిలారోప్యమను నగరమునేలు అమరశక్తి యను రాజుయొక్క ముగ్గురు మందబుద్ధులైన కుమారులకు ఆరునెలలలో నీతి నేర్పుటకై ఈ కథలు చెప్పెనని గ్రంథారంభమున కలదు. తెలుగున 15వ శతాబ్దిలో దూబగుంట నారాయణకవియు, ఆ పిమ్మట బైచరాజు వేంకటనాథకవియు పంచతంత్రమును పద్యకావ్యములుగా రచించిరి. గద్యమున పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను ప్రకటించెను. అందలి మిత్రలాభమున దీర్ఘకర్ణమను పిల్లి కలదు. కన్నులు కానరాని ముసలి గ్రద్ద జరద్గవమును అది వ్రతముల పేరు చెప్పి నమ్మించి, చెట్టు తొఱ్ఱలో చేరి, పక్షిపిల్లలను ఒక్కొక్కటిగా తిని జారుకొనును. ఎముకలు గ్రద్ద తొఱ్ఱలో దొరకుటచే పక్షులు ముసలి గ్రద్దనే చంపును. కౌజు కథలో నమ్మినవారు నశించిరి. ఈ కథలో నమ్మి చోటిచ్చిన నిర్దోషి దోషియై నశించెను. చిన్నయసూరి విడిచిన సంధి విగ్రహములను తరువాత వీరేశలింగం పంతులు తెలుగు చేసిరి. మన పితామహుల తరమువారు బడిలో తెలుగు వచనము నేర్చినది చాలవరకు ఈ పుస్తకములనుండియే.

పారసీకమునుండి ఉర్దూనకు

రెండవ దారి పడమటగా పోయినది. ఇరానును 531 నుండి 579 వరకు పాలించిన ఖుస్రో నౌషేర్వాన్ కొలువున బర్జూయా యను వైద్యుడుండెను. మృతులను బ్రతికించు మూలిక హిందూదేశమున కలదని విని అతడు ఇచటికి వచ్చెననియు, ఆ మూలిక ఒక పుస్తకమేయని తెలిసికొనెననియు ఫిర్దౌసీ షాహ్‌నామాలో చెప్పెను. బర్జూయా పహ్లవీ భాషలోనికి మార్చిన గ్రంథము నేడు లభ్యము కాదు. దానిని 750 ప్రాంతమున అబ్దుల్లా ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబ్బీలోనికి మార్చెను. అదియే "కలీలా వ దిమ్నా". మన కరటక దమనకులే ఆ పేరులలో దాగియున్నారు.

ఆ గ్రంథమున గుడ్లగూబలు, కాకుల అధ్యాయములో మన పిల్లి మరల కనబడును. నదీతీరమే, కుందేలును పక్షియును ఉన్నవి. కాని ఇచట పిల్లి దర్భలు ధరింపలేదు. పగలెల్ల ఉపవాసముండును, రాత్రియెల్ల నిలిచి ప్రార్థన చేయును. రక్తము చిందింపక గడ్డితోను, నది ఒడ్డునకు చేర్చిన వానితోను కడుపు నింపుకొనునని దానికి పేరు. కుందేలు వాదము గూడ మారినది. ఇల్లు నా చేతిలోనున్నది, దావా వేయువాడవు నీవు, కావున రుజువు చూపవలసినది నీవేయని అది పలుకును. రుజువు భారము వాదిపైనున్నదన్నది ఇస్లామీయ న్యాయశాస్త్రమున ప్రసిద్ధమైన సూత్రము. అనువాదకుడు వేషమును, శాస్త్రమును తన సమాజమునకు తగినట్లు మార్చెను. పంజాను మాత్రము మార్చలేదు.

ఈ మార్పును మనము జాగ్రత్తగా గ్రహింపవలెను. సంస్కృత కథకుడు తపస్సును నిందింపలేదు. అరబ్బీ కథకుడు ఉపవాసమును నిందింపలేదు. ఇరువురును తమ మతమునకు చెందిన వేషమునే పిల్లికి తొడిగిరి గాని పరుల వేషమును తొడుగలేదు. కపటమును తన ఇంటిలో వెదకుట ధర్మము; పొరుగింటిలో వెదకుట సులభము. ఈ రెండు గ్రంథముల గొప్పతనము మొదటి పనిని చేయుటలోనున్నది. పిల్లి యను ప్రాణిపై గూడ వారికి ద్వేషము లేదు. అత్యధిక హదీసులను నివేదించిన సహచరుడు అబూ హురైరా పేరునకు అర్థమే "పిల్లిపిల్ల తండ్రి". పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైనదని హదీసు కలదు. ఇంటి పిల్లిపై దయ, కథలోని పిల్లిపై మెలకువ అన్నవి రెండును ఒకే సంప్రదాయమున నిలిచినవి.

12వ శతాబ్దిలో నస్రుల్లా మున్షీ కలీలా దిమ్నాను ఫారసీలోనికి మార్చెను. 15వ శతాబ్ది చివర హిరాతు నగరమున హుసేన్ వాయిజ్ కాషిఫీ దానినే "అన్వారె సుహైలీ" యను పేర అలంకారమయముగా రచించెను. అక్బరు చక్రవర్తి కోరికపై 1588లో అబుల్ ఫజల్ దానిని సరళముచేసి "అయారె దానిష్" అనెను. దానినుండి 19వ శతాబ్ది ప్రారంభమున కలకత్తా ఫోర్టు విలియం కళాశాలలో హఫీజుద్దీన్ అహ్మద్ "ఖిరద్ అఫ్రోజ్" యను ఉర్దూ గ్రంథమును సిద్ధపరచెను. ఈ విధముగా పిల్లి పడమట ఇరాను, ఇరాకులు తిరిగి మరల మన దేశమునకు వచ్చి చేరినది. దక్కనులో ఇట్టి రాకపోకలకు మరియొక ఉదాహరణ కలదు. శుకసప్తతిలోని మాటలాడు చిలుక ఫారసీలోనికి పోయి "తూతీనామా"యై, 1639లో గోలకొండ కవి గవ్వాసీ చేతిలో దక్కనీ కావ్యమైనది. అదే శుకసప్తతిని పాలవేకరి కదిరీపతి తెలుగు కావ్యము చేసెను. చిలుకయు పిల్లివలెనే రెండు వాకిళ్ళనుండి మన ఇంటికి వచ్చినది.

నిజము పలికిన పిల్లి

పిల్లి ఎల్లప్పుడు అబద్ధమే చెప్పునని విద్యార్థులు తలపరాదు. మహాభారత శాంతిపర్వమున లోమశమను పిల్లి వేటగాని వలలో చిక్కుకొనును. పలితుడను ఎలుకను ఒకవైపు ముంగిస, మరియొకవైపు గుడ్లగూబ పొంచి చూచుచుండును. ఎలుక పిల్లితో ఒడంబడిక చేసికొనును: నీ చెంత దాగియుండి నా ప్రాణము కాపాడుకొందును, నీ వల కొరికి నీ ప్రాణము కాపాడుదును. పిల్లి సమ్మతించును. ముంగిస, గుడ్లగూబ నిరాశతో వెళ్ళిపోవును. కాని ఎలుక తొందరపడదు. వేటగాడు కనుచూపుమేరకు వచ్చిన పిమ్మట మాత్రమే చివరి త్రాడును కొరుకును. పిల్లికి చెట్టెక్కుట తప్ప ఎలుకను పట్టుటకు వ్యవధి లేదు.

ఆపద గడచిన పిమ్మట పిల్లి ఎలుకను స్నేహమునకు పిలుచును. కృతజ్ఞత చూపును. ఎలుక మర్యాదగా నిరాకరించును. అవసరము కలిపిన స్నేహము అవసరము తీరగానే ముగిసినదని చెప్పి బొరియలోనికి పోవును. కలీలా దిమ్నాలో ఇదియే ప్రత్యేకాధ్యాయము. అచట పిల్లి పేరు రూమీ, ఎలుక పేరు ఫరీదూన్. ఈ కథలో పిల్లి మాట తప్పలేదు, ఎలుకయు మాట తప్పలేదు. కాని ఎలుక మాటను మాత్రమే నమ్మక కాలమును గూడ లెక్కవేసినది. కౌజు, కుందేలు చేయనిది ఇదియే.

పడమటి దేశముల పిల్లులు

కాషిఫీ గ్రంథములోని కొంతభాగము 1644లో ఫ్రెంచి భాషలోనికి పోయినది. 1678లో లా ఫాంటేన్ తన రెండవ కథాసంపుటిని ప్రకటించుచు, అందలి విషయములలో అధికభాగమునకు "పిల్పే" యను భారతీయ జ్ఞానికి ఋణపడితినని పీఠికలో ఒప్పుకొనెను. అందు కౌజునకు బదులు వీసెల్ యను చిన్న జంతువును, కుందేలు పిల్లయు బొరియకై తగవులాడును. తీర్పరి మాత్రము చెవులు వినిపించని పిల్లియే. దాని పేరు రామినగ్రోబిస్. మన నదీతీరపు సన్న్యాసి ఫ్రెంచి న్యాయాధిపతి యైనాడు!

పిమ్మట పడమటి పిల్లి స్వభావము మారినది. 1697లో పెర్రో ప్రకటించిన కథలో బూట్లు తొడిగిన పిల్లి తన పేద యజమానుని తెలివితో ధనవంతుని చేయును. అది గూడ అబద్ధములాడునదే. కాని ఇతరులను మోసగించి యజమానుని రక్షించును. 1865లో లూయిస్ కారల్ వ్రాసిన "ఆలిస్" నవలలో చెషైర్ పిల్లి కలదు. చెట్టుకొమ్మపై కూర్చుండి నవ్వుచు, కొంచెము కొంచెముగా మాయమై, తుదకు నవ్వును మాత్రము మిగుల్చును. దారి యేదని ఆలిస్ అడుగగా, నీవు పోవలసిన చోటు నీకు తెలిసినగదా దారి చెప్పుట యన్న భావమున బదులిచ్చును. అచటివారందరును పిచ్చివారేయనియు, తానును పిచ్చిదానననియు నిస్సంకోచముగా ఒప్పుకొనును.

మన పిల్లికిని, ఆ పిల్లికిని భేదమిచటనే తెలియును. మన పిల్లి తాను మహాత్మునినని చెప్పి నమ్మించును. చెషైర్ పిల్లి తాను పిచ్చిదానననియే చెప్పును. మొదటిది బాలునకు అనుమానించుట నేర్పును, రెండవది ప్రశ్నించుట నేర్పును. మన కథలు నీతికొరకు పుట్టినవి. 19వ శతాబ్దిలో ఇంగ్లండున బాలుర ఆనందముకొరకే నవలలు పుట్టినవి. ఎదుగు మనస్సునకు రెండును కావలెను.

తెలుగున ఆ రెండవ కొరతను తీర్చిన ఘనత చాలవరకు "చందమామ"కు చెందును. దానిని 1947 జూలైలో మద్రాసున చక్రపాణితో కలసి స్థాపించిన బి. నాగిరెడ్డి మన కడప జిల్లా పొట్టిపాడున జన్మించినవారు. 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు దానిని తీర్చిదిద్దిరి. దాసరి సుబ్రహ్మణ్యం "తోకచుక్క" మొదలుకొని "భల్లూక మాంత్రికుడు" వంటి అద్భుత నవలలను అందు ధారావాహికముగా వ్రాసిరి. ఉర్దూ బాలురకు అదే కాలమున ఢిల్లీనుండి "ఖిలౌనా" వచ్చుచుండెను. నేడు ఆ రెండు పత్రికలును లేవు. ఒక తరము బాలురు ఒకే నెలలో, రెండు లిపులలో, మాటలాడు జంతువుల కథలు చదివిరి; కాని ఒకరి పత్రిక నొకరు చూచుకొన్నది తక్కువ.

మా విన్నపము

విద్యార్థి మిత్రులకు మేము చెప్పదలచినది ఇంతే. మన రెండు భాషలును ఒకే తొఱ్ఱలో కాపురమున్న రెండు ప్రాణులు. ఎవరు ముందు వచ్చిరి, ఎవరు విడిచిపోయిరి, ఎవరికి ఎంత హక్కు అన్న వివాదమును లేపుటకు నదీతీరమున కన్నులు మూసికొనియున్నవారు ఎప్పుడును ఉందురు. వారు చెప్పు ధర్మములు వినుటకు ఇంపుగానే యుండును. వారి యొద్దకు పోకమునుపు ఒకరితో నొకరు మాటలాడుకొనుట మేలు.

దీనికి గొప్ప ప్రయత్నమేమియు అక్కరలేదు. ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు తన అవ్వనో, నానీమానో అడిగి ఒక పిల్లి కథను వ్రాసికొని రావలెను. తెలుగు విద్యార్థి తెచ్చినదానిని ఉర్దూ విద్యార్థి తన భాషలోనికి మార్చవలెను. ఉర్దూ విద్యార్థి తెచ్చినదానిని తెలుగు విద్యార్థి మార్చవలెను. మార్చుటకు ఇద్దరును ప్రక్కప్రక్కన కూర్చుండక తప్పదు. మా ఉద్దేశమును అదియే. కళాశాల కమిటీవారిని మేము కోరునది రెండు విషయములు. గ్రంథాలయమున నీతిచంద్రికను, ఖిరద్ అఫ్రోజును వేరువేరు గదులలోగాక ఒకే అలమరలో ప్రక్కప్రక్కన నిలుపవలెను. వచ్చు సంవత్సరపు సంచికలో, తెలుగు పుటలును ఉర్దూ పుటలును కలియు ఆ నడిమి చోట, ఒకే కథను ఎదురెదురుగా రెండు లిపులలో ముద్రింపవలెను. ఏ కథను ఎంచవలెనని కమిటీవారు అడిగినచో, కుందేలు కౌజుల కథను ఎంచుడని మా మనవి.